ఆరనివ్వకూడని లైటు

మా కారులో స్టీరింగ్ మీదా దాని చుట్టుపక్కలా, చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవై మూడు బటన్లు ఉన్నాయి. వాటిలో తొమ్మిదింటి సంగతి మాత్రమే తెలుసుకుని రెండేళ్లు బండి నడిపాను. మిగతా పద్నాలుగింటినీ, మాటలు లేని ఎదురింటివాళ్ల గుమ్మాన్ని చూసినట్టు, చూసీ చూడనట్టు చూసేదాన్ని. ఇది ఒప్పుకోవడానికి నాకు మామూలు కంటే కొంచెం ఎక్కువ సిగ్గుగా ఉంది. ఎందుకంటే, ఎందుకో అడగకుండా ఏదీ నమ్మొద్దని ఉప్పల్ చుట్టుపక్కల మైకు పట్టుకుని చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

గ్రహణం పట్టినప్పుడు కాలనీ కమిటీ హాలు ముందు కుర్చీ వేసుకుని అందరూ చూస్తుండగా ఉప్మా తిన్నాను. నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇందులో మహిమేమీ లేదని పిల్లలకు చూపించాను. ముహూర్తాల మీద ఒక పంతులుగారితో రెండు గంటలు వాదించి, ఇద్దరికీ గొంతులు పోయాక ఆయన ఇంట్లోనే టీ తాగి వచ్చాను. ఉద్యోగం కూడా అలాంటిదే. ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉండి రిటైరయ్యాను. చల్లటి నీళ్లు పోసిన గాజు గ్లాసు బయటి వైపు చెమట ఎందుకు పడుతుందో ఏడో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ గ్లాసు సంగతి మళ్లీ వస్తుంది.

రిటైరయ్యాక, సభలకు బస్సుల్లో వేలాడుతూ వెళ్లడం మోకాళ్ల వల్ల కాక, డ్రైవింగ్ నేర్చుకుని ఒక పాత కారు కొన్నాను. వెనక పెద్ద డిక్కీ ఉన్న సెడాన్. కరపత్రాల కట్టలు, మైకు సెట్టు, నాలుగు మడత కుర్చీలు హాయిగా పడతాయి. అమ్మినాయన కాప్రాలో ఉంటాడు, నాచారంలో ఒక ఫ్యాక్టరీ యూనిట్‌లో సూపర్‌వైజరు. భక్తిగల క్రైస్తవుడు, మెత్తని మనిషి. తాళం నా చేతికిచ్చే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. అది అయ్యేదాకా నేను పక్కన నిలబడి గోడ మీది పిల్లిని చూశాను. తర్వాత లోపల కూర్చోబెట్టి వైపర్లు ఏవి, లైట్లు ఏవి, ఏసీ ఏదో చూపించాడు. ఏసీ పక్కన నారింజ రంగు లైటు వెలుగుతున్న ఒక బటన్ మీద వేలు పెట్టి మాత్రం గొంతు కొంచెం తగ్గించాడు.

"ఈ లైటు ఆరనియ్యకున్రి, టీచరమ్మా. ఇది ఎప్పటికీ వెలుగుతనే ఉండాలె."

నేను తల ఊపాను. అంతే. ఎందుకు అని అడగలేదు.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, డాష్‌బోర్డు మీద ఆయన అంటించుకున్న బైబిల్ వాక్యం స్టిక్కర్‌ను బ్లేడుతో గీకడం. ఆయన నమ్మకం ఆయనది, కారు నాది అనుకున్నాను. అరగంట పట్టింది. స్టిక్కర్ పోయి పాలిపోయిన నలుచదరపు మచ్చ మిగిలింది. దానికి జానెడు కింద ఆ నారింజ లైటు వెలుగుతూనే ఉంది. దాని జోలికి పోలేదు. ఆయన వాక్యాన్ని వచ్చిన రోజే గీకేశాను, ఆయన మాటను మాత్రం రెండేళ్లు మోశాను.

ఆ బటన్ మీద ఒక బొమ్మ ఉంది. పక్క నుంచి చూసిన కారు, దాని కడుపులో వెనక్కి మళ్లిన బాణం. దీనికి నేనే ఒక వ్యాఖ్యానం రాసుకున్నాను. ఎత్తు మీద ఆపినప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టుకునే ఏర్పాటన్నమాట. రుజువేమిటంటే, రెండేళ్లలో నా బండి ఒక్కసారి కూడా వెనక్కి జారలేదు. తాయెత్తు కట్టుకున్నవాళ్లు కూడా తమకు ఏ ఆపదా రాలేదనే రుజువు చూపిస్తారు. వాళ్లను ఎన్ని వేదికల మీద చీల్చి చెండాడానో నాకే గుర్తులేదు. ఒకసారి సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చుకుంటుంటే, మెట్రో స్తంభాల కిందికి వచ్చాక ఆ లైటు ఆరి ఉండటం కనబడింది. వెంటనే బండి పక్కకు ఆపి, వెలిగించి, గుండె మీద చెయ్యి వేసుకున్నాను. అప్పుడు కూడా నన్ను చూసి నాకు నవ్వు రాలేదు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో. మా కోడలు కారు నేర్చుకోవలసి వచ్చింది కాబట్టి ఆగింది.

మా కోడలు నాచారంలోని ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. కాన్పుకు పెట్టిన సెలవు జూలైలో ఒక ఆదివారంతో అయిపోతుంది. మర్నాడు సోమవారం పొద్దున ఎనిమిదికల్లా ఆమె గేటు దగ్గర ఉండాలి. పాపను చూసుకోవడానికి నేనున్నాను, ఆ చింత లేదు. చింతంతా దారి గురించే. ఆమె సెలవులో ఉండగా కంపెనీ బస్సు మా కాలనీ వైపు రావడం మానేసింది. స్కూటీ ఉంది కానీ, కాన్పు ఆపరేషన్ తర్వాత మొదలైన నడుం నొప్పి తగ్గేదాకా ఈ గుంతల రోడ్ల మీద దాన్ని ముట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆటోలో రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చింది, స్కూటీయే నయం అంది. మావాడు మెట్రో ఎక్కి ఊరికి ఆ చివరకు వెళతాడు, స్టీరింగ్ చూస్తేనే వాడికి చెమటలు. మా వియ్యపురాలు రోజుకోసారి ఫోన్ చేసి, పాప కొంచెం పెద్దదయ్యేదాకా ఆ కొలువు వదిలెయ్యమని కూతురికి చెబుతోంది. చుట్టాలందరిదీ అదే పాట.

కోడలు ఎవరితోనూ వాదించలేదు. లైసెన్సు పెళ్లికి ముందే తీసుకుంది, చెయ్యి తిరగలేదు, అంతే. "నాల్గు వారాలల్ల మీ కారు నేర్చుకుంట, అత్తమ్మా. వస్తే పోత. రాకపోతే రాజీనామా ఇచ్చేస్త. మల్ల ఎవ్వర్నీ ఏమనను" అంది. మాట నెమ్మదిగానే అంది కానీ, ఆ రాత్రి ఆమె అన్నం సగం వదిలేయడం నేను చూశాను.

ఆదివారాల్లో నాచారం పారిశ్రామికవాడ రోడ్లు ఖాళీగా ఉంటాయి. గేట్లు మూసి, వాచ్‌మెన్లు కుర్చీల్లో కునుకు తీస్తుంటారు. కుక్కలు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, హారన్ కొట్టినా తోకే ఆడిస్తాయి, లేవవు. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు. పాపను మావాడికి అప్పగించి మేమిద్దరం పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లం.

క్లచ్, గేరు ఆమెకు రెండో వారానికే పట్టుబడ్డాయి. బటన్ల దగ్గరే చిక్కు. ఆమె చేసే పనే అలాంటిది. వాళ్ల కంపెనీలో ఏ యంత్రం మీద ఏ బటన్ నొక్కాలన్నా, అది ఏమిటో, ఎప్పుడు నొక్కాలో, ఎందుకు నొక్కాలో రాసిన కాగితం ఉండాలట. అందుకని స్టీరింగ్ ముందు కూర్చోగానే ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. తొమ్మిది దాకా టకటకా చెప్పాను. పదోది ఆ నారింజ లైటు.

"అది ఆర్పొద్దు" అన్నాను.

"ఎందుకు?"

"ఆర్పొద్దని చెప్పిండు."

"ఎవరు?"

"బండి అమ్మినాయన."

"ఆయనకెవరు చెప్పిన్రు?"

ఈ చివరి ప్రశ్న నాదే. నా సొంత సరుకు. పెద్దలు చెప్పారు అనేవాళ్లను సభల్లో నేను సరిగ్గా ఇదే అడుగుతాను, అడిగి జనం వైపు తిరిగి నవ్వుతాను. మా కోడలు నవ్వలేదు. జవాబు కోసం నిజంగానే ఎదురు చూసింది. నేను కిటికీలోంచి ఒక కుక్కను చూస్తూ, ముందు గేరు మీద దృష్టి పెట్టమన్నాను. ప్రశ్న అడిగినవాళ్ల దృష్టి మళ్లించడం ఎదుటిపక్షం వాళ్లకే తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ.

"మా దగ్గర ఎందుకు అన్న కాడ చెప్పిన్రు అని రాస్తే, ఆ కాగితం నా ముంగటనే చింపుతరు" అని గొణుక్కుని గేరు వేసింది. అత్తగారిని కదా, అక్కడితో వదిలేసింది. ఆ వదిలేయడం కూడా నాకు నచ్చలేదు. నచ్చలేదు కానీ, వాడుకున్నాను.

ఆఖరి ఆదివారం వచ్చింది. మర్నాడే సోమవారం. ఇంటి నుంచి కంపెనీ గేటు దాకా మొత్తం దారి ఆమే నడపాలి, నేను పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి, అదీ ఒప్పందం. హబ్సిగూడ చౌరస్తా దాటి కుడికి తిరిగేదాకా నోరు మూసుకునే ఉన్నాను. నాచారం రోడ్డెక్కగానే వాన పట్టుకుంది. చినుకులు కావు, బిందెలతో కుమ్మరించినట్టు. అద్దాలు ఎక్కించాం. చల్లగా ఉంది కదా అని ఏసీ నేనే కట్టేశాను, ఫ్యాను మాత్రం ఉంచాను. తడిసిన గొడుగు నా కాళ్ల దగ్గర ఉంది.

రెండు నిమిషాల్లో ముందు అద్దం తెల్లబడింది.

వైపర్లు బయట టపటపా కొట్టుకుంటున్నాయి, లోపల మాత్రం పొగమంచు. నా కొంగుతో తుడిచాను. తుడిచిన చోట రెండు క్షణాలు రోడ్డు కనిపించి మళ్లీ మూసుకుంది. కోడలు ముందుకు వంగి, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి చూస్తోంది. నేను ఆమె వైపు కూడా తుడవబోయాను, నా మోచెయ్యి ఆమె ముఖానికి అడ్డమొచ్చింది. ఎదురుగా చౌరస్తా. నేరుగా పోవాలి కాబట్టి నాలుగు మూలలా మెరిసే నాలుగు లైట్లు వెయ్యమన్నాను. వేసింది. ఎడమ పక్క సందులోంచి వస్తున్న లారీవాడికి అందులో ఎడమ వైపు లైటు మాత్రమే కనబడింది. మేము ఎడమకు తిరుగుతామనుకుని వాడు వచ్చేశాడు. మేమేమో నేరుగా వచ్చాం. మా కోడలు బ్రేకు తొక్కింది, వాడూ తొక్కాడు. రెంటి మధ్య ఒక మనిషి నడిచేంత సందు మిగిలింది. లారీవాడు అద్దం దించి, వానలో తల తడుస్తున్నా లెక్కచెయ్యకుండా, మాకు బండి ఇచ్చినవాణ్ని నాలుగు మాటలు తిట్టి పోయాడు. ఇచ్చినదాన్ని నేనే.

కోడలు బండిని మెల్లగా ఒక మూసిన గేటు ముందుకు తీసి ఆపింది. ఇంజన్ ఆపకుండా, నా వైపు చూడకుండా అంది.

"నాతోని కాదు, అత్తమ్మా. పొద్దుగాల మెయిల్ పెట్టేస్త."

చుట్టాలు, వియ్యపురాలు, వాళ్ల ఫోన్లు నెల రోజులుగా చెయ్యలేని పనిని నేను రెండు నిమిషాల్లో చేసిపెట్టాను. ఆమెకు నడపడం రాకపోలేదు. ఆమెకు రోడ్డు కనబడలేదు. రెంటికీ తేడా ఉంది, ఆ తేడా చెప్పాల్సింది నేనే. కానీ అద్దం ఎందుకు తెల్లబడిందో ముందు నాకు తెలియాలి కదా.

తెల్లబడిన అద్దం మీద వేలు పెట్టాను. వేలి కింద చిన్న చుక్క జారింది. అప్పుడు గుర్తొచ్చింది గాజు గ్లాసు. బయట వానకు చల్లబడ్డ అద్దం, లోపల ఇద్దరు మనుషుల ఊపిరి, తడి గొడుగు. ఏడో తరగతి పాఠం. గ్లాసుకు చెమట బయట పడుతుంది, కారుకు లోపల పడింది, అంతే తేడా. కానీ కారులోకి ఫ్యాను గాలి వస్తూనే ఉంది కదా, ఈ తడి బయటికి ఎందుకు పోవడం లేదు? కళ్లు వాటంతట అవే నారింజ లైటు మీదికి పోయాయి. కారు కడుపులో వెనక్కి మళ్లిన బాణం. లోపలి గాలే మళ్లీ లోపలికి తిరుగుతోంది. ఇన్నాళ్లూ ఆ తడిని ఏసీ పీల్చేసేది, ఇవాళ దాన్ని నేనే కట్టేశాను.

చెయ్యి బటన్ దాకా పోయి ఆగింది. నిజం చెబుతున్నాను, ఆగింది. నాలుక మీద కర్పూరం వెలిగించినదాన్ని, ఒక బటన్ నొక్కలేకపోయాను. ఫోన్ తీసి కాప్రా ఆయనకు చేశాను. స్పీకర్ పెట్టాను, కోడలు కూడా వింటుందని. ఆదివారం కదా, ఆయన చర్చికి బయల్దేరుతున్నాడు. ఆ లైటు ఎందుకు ఆర్పొద్దన్నారని అడిగాను.

"నేను గట్ల జెప్పిన్నా?" అన్నాడు ఆయన.

చెప్పారు, ఎప్పటికీ వెలుగుతూనే ఉండాలన్నారని గుర్తు చేశాను. ఫోనులోనే నవ్వేశాడు.

"అప్పట్ల మా ఆమెకు నెలలు, టీచరమ్మా. నాచారం రోడ్డెక్కంగనే మందుల వాసనకు కక్కుకుంటుండె. బయట గాలి లోపటికి రాకుండ ఆ బటన్ ఏసి ఉంచుతుంటి. పిల్ల పుట్టినంక అలవాటై పోయింది. గా పిల్ల ఇప్పుడు ఇస్కూలుకు పోతున్నది. మీరింక గట్లనే పెట్టుకున్నరా?"

థాంక్స్ చెప్పి పెట్టేశాను. మా కోడలు నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో ఇందాకటి భయం తగ్గి, వేరే ఏదో మొదలైంది. నవ్వాలా వద్దా అని అత్తగారి ముఖంలో వెతుకుతోంది.

"వత్తు బిడ్డా" అన్నాను.

వత్తింది. రెండేళ్ల తర్వాత నా మాట మీదే ఆ లైటు ఆరింది. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించాం. మొదట కింద ఒక వేలెడంత మేర తెల్లదనం కరిగింది. తర్వాత అది పైకి పాకింది. గేటు కనబడింది, గేటు వెనక వాచ్‌మన్ కనబడ్డాడు, మమ్మల్ని ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. బయటి గాలితో పాటు వాసన కూడా లోపలికి వచ్చింది. తడిసిన మట్టి, దాని వెనక చేదుగా, మందుల సీసా మూత తీసినట్టు. నేను ముక్కు మూసుకున్నాను. కోడలు మాత్రం గట్టిగా పీల్చింది.

"ఆరు నెలలాయె ఈ వాసన రాక" అంది. మెయిల్ మాట మళ్లీ ఎత్తలేదు.

వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం. గ్లవ్ బాక్సులోంచి ఆమె మాన్యువల్ తీసింది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనిది. నేను దాన్ని టైరు మార్చే సామానులో భాగం అనుకునేదాన్ని. ఒక్కొక్క పేజీ తిప్పుతూ, ఒక్కొక్క బటన్ మీద వేలు పెడుతూ చదివింది. నా పరువు ఒక్కొక్క పేజీకీ కొంచెం కొంచెం పోయింది. నాలుగు లైట్లు నేరుగా పోతున్నామని చెప్పడానికి కాదట, బండి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు వెనకవాళ్లకు హెచ్చరికట. కుడికి కుడి లైటు, ఎడమకు ఎడమ లైటు, నేరుగా పోతే రెండూ అని నేను తీసిన లెక్కలో తర్కం ఏమీ తక్కువ లేదు, నిజం మాత్రం లేదు. ఉప్పల్ చౌరస్తాలో సగం మంది ఇదే లెక్క వేస్తారు కాబట్టి నేనూ వేశాను. సగం మంది చేస్తే నిజమైపోతుందా అని గ్రహణం రోజు మైకులో అరిచింది కూడా నేనే.

వెనక అద్దం మీది సన్నని గీతలు రేడియోవి కావు, ఆ అద్దం మీది తడిని ఆరబెట్టే తీగలు. సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం, డిక్కీలో బరువు ఎక్కువైనప్పుడు ముందు లైట్ల వెలుగు కిందికి దించడానికి. అంటే కరపత్రాలు, మైకు సెట్టు వేసుకుని చీకట్లో ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఎదుటివాళ్ల కళ్లలోకి లైటు కొట్టానన్నమాట. జనంలోకి వెలుగు తీసుకుపోవడం అంటే ఇది కాదనుకుంటాను. ఇది మా కోడలితో అంటే, ఆమె స్టీరింగ్ మీద తల పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. నేనూ నవ్వాను. పోయిన పరువు ఎలాగూ పోయింది.

ఇరవై మూడింటిలో ఒకదానికి చివరికీ పని దొరకలేదు. ఆ బటన్ మీద బొమ్మ లేదు, నొక్కితే చప్పుడూ లేదు. పైరకం మోడల్లో దానికి పని ఉందట, మా దాంట్లో ఊరికే చోటు నింపడానికి పెట్టారని మాన్యువల్ చెప్పింది. దానికి నేనేం వ్యాఖ్యానం రాసుకుని ఉన్నానని కోడలు అడిగింది. వాన తగ్గింది చూడమన్నాను.

వాన తగ్గాక ఆమే నడిపింది. కంపెనీ గేటు దాకా పోయి, వెనక్కి తిప్పుకుని, హబ్సిగూడ మీదుగా ఇంటిదాకా. దారిలో వాసన ఎక్కువైన చోట తనే ఆ బటన్ వేసింది, దాటాక తనే ఆర్పింది. నేను నిజంగానే నోరు మూసుకుని కూర్చున్నాను.

సోమవారం పొద్దున ఏడుంబావుకు పాపను ఎత్తుకుని మా గేటు దగ్గర, తెరిచిన కారు తలుపు పక్కన నిలబడ్డాను. మబ్బు పట్టి ఉంది, మళ్లీ వానొచ్చేలా ఉంది. డాష్‌బోర్డు మీద, నేను స్టిక్కర్ గీకిన మచ్చ మీద, ఒక కాగితం అంటించి ఉంది. ఆమె చేతిరాత. బటన్ పేరు, ఎప్పుడు, ఎందుకు అని మూడు గళ్లు. ఇరవై మూడో వరుసలో మూడో గడిలో చిన్న గీత. పాప దానికేసి చెయ్యి చాపింది, నేను పాప చెయ్యి పట్టుకున్నాను.

కోడలు తలుపు వేసుకుంది, సీటు సర్దుకుంది, అద్దాలు సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది. వాళ్లమ్మ ఫోన్ మోగుతోంది, కట్ చేసి బ్యాగులో పడేసింది. కిటికీ అద్దం దించి, "పాలు ఫ్రిజ్‌ల పెట్టిన, పదింటికి పట్టున్రి అత్తమ్మా" అంది.

పడతానన్నాను. ఊరుకుంటే బాగుండేది. కిటికీ మీదికి వంగి మొదలుపెట్టాను. వాన పడితే ఏసీ వెయ్యి, గాలి అద్దం మీదికి తిప్పు, చౌరస్తాలో నాలుగు లైట్లు వెయ్యకు, లారీలొస్తే, ఆ నారింజ లైటు మాత్రం...

ఆమె నన్నే చూస్తూ, తలుపు మీది బటన్ వత్తింది. నా ముఖానికీ ఆమె ముఖానికీ మధ్య అద్దం మెల్లగా పైకి లేచింది. అద్దం అవతల ఆమె నవ్వుతోంది, పాపకు చెయ్యి ఊపుతోంది. బండి కదిలింది. సందు చివర ఎడమ లైటు వెలిగింది, ఎడమది ఒక్కటే. తిరిగి కనబడకుండా పోయింది.